కాలువ గట్టు మీద పరుగు పందెం: మొదటిసారి పెట్టేవాళ్లకు

ఊళ్లో పరుగు పందెం పెడదామని నలుగురు కూర్చోగానే ముందు టీషర్టు రంగు మీద మాట నడుస్తుంది, తర్వాత ముఖ్య అతిథి ఎవరన్నది. రోడ్డు సంగతి ఆఖర్న వస్తుంది. మన గోదావరి డెల్టాలో అది తలకిందుల పని. ఇక్కడ రోడ్డు మీద ధాన్యం ఆరుతుంది, తెల్లారకుండానే పాల వ్యాను తిరుగుతుంది, చెరువులో పట్టిన చేపల లారీ నీళ్లు కార్చుకుంటూ పోతుంది, గుమ్మం ముందు ముగ్గు పడుతుంది. వీళ్లందరి దగ్గరా ఆ రోడ్డును ఓ రెండు గంటలు అరువు తీసుకుంటున్నాం అనుకుని మొదలుపెడితే తేదీ, టైము, మనుషుల లెక్క, నీళ్ల లెక్క అన్నీ అందులోంచే తేలతాయి.

కింద చెప్పే లెక్కలన్నీ 300 మందికి: 10 కిలోమీటర్లకు 120 మంది, 5 కిలోమీటర్లకు 180 మంది. మొదటి ఏడాది ఇంతకు మించి పెట్టుకోవద్దు. హాఫ్ మారథాన్ జోలికి అసలు పోవద్దు. 21 కిలోమీటర్ల దారి కాయడానికి కావాల్సిన మనుషులు, అంబులెన్సులు మొదటిసారే దొరకరు. పనికి నాలుగు నెలల ముందే దిగాలి.

తేదీ

వేసవి కుదరదు. ఎండ ఒక్కటే అయితే తెల్లవారుజామున తప్పించుకోవచ్చు. మనకు గాలిలో తేమ ఎక్కువ, పట్టిన చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. జూన్ నుంచి వానలు. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 1996 నవంబరు 6న కోనసీమ ఏం చూసిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. పైగా నవంబరు నుంచి డిసెంబరు సగం దాకా సార్వా (వానాకాలం వరి) కోతలు. గట్టు రోడ్డు పొడుగునా ధాన్యం పరిచి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటుంది. రైతును తీయమనే హక్కు మనకు లేదు, గింజల మీద పరిగెడితే కాలు జారుతుంది.

మిగిలేది డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం. అందులోంచి సంక్రాంతి వారం తీసేయండి. హైదరాబాద్ నుంచి అందరూ వస్తారు, జనం బాగా పడతారు అన్న ఆశ సహజమే కానీ, భోగి నుంచి ముక్కనుమ దాకా ఊళ్ల రోడ్ల నిండా కార్లే. కనుమనాడు కోనసీమలో ప్రభలు బయల్దేరతాయి, పోలీసులు అటే ఉంటారు. మాఘమాసం వచ్చిందంటే పంచాంగం చూడాలి. గట్టి ముహూర్తం ఉన్న రాత్రి తెల్లారితే ఫంక్షన్ హాళ్ల నుంచి నిద్ర కళ్లతో కార్లు నడుపుకుంటూ వస్తారు.

వారం మాత్రం ఆదివారమే. కాలేజీ బస్సులు ఉండవు. అయితే ఏడు దాటితే సెంటర్లో చికెన్ కొట్ల దగ్గర జనం, ఎనిమిది దాటితే చర్చిలకు వెళ్లేవాళ్లు. అందుకని దారి ఊరి సెంటరును తాకకూడదు, చివరి మనిషి 8.15కల్లా లోపలికి వచ్చేయాలి.

మన వైపు సూర్యోదయం డిసెంబరు మొదట్లో 6.20 ప్రాంతంలో, జనవరి మధ్యలో 6.35 ప్రాంతంలో అవుతుంది. దానికి పాతిక నిమిషాల ముందే చూపు ఆనే వెలుగు వస్తుంది. 10 కిలోమీటర్లు 6.30కి, 5 కిలోమీటర్లు 6.50కి వదలండి. చీకట్లో కాలువ గట్టు మీదికి ఎవర్నీ పంపొద్దు. మైకు విషయంలో ఒక చిక్కుంది: రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకరు వాడకూడదని చట్టం. ఐదింటికి వచ్చినవాళ్లకు మైకులో చెబుదామనుకున్న సూచనలన్నీ పెద్ద అట్టల మీద రాసి గేటు దగ్గర కట్టేయండి. ఆరు దాటాకే మైకు.

దారి

రెండు జాతీయ రహదారుల మీదికి పోవద్దు. రావులపాలెం, తణుకు మీదుగా పోయే 16, అమలాపురం, రాజోలు మీదుగా పోయే 216. చించినాడ, యెదుర్లంక వంతెనల మీద సూర్యోదయం ఫొటోలో ఎంత బాగున్నా, అవి రెండూ 216 మీదే ఉన్నాయి. లారీలు ఆపించి పరిగెత్తించడం ఊరి పందేనికి తగిన పని కాదు.

డెల్టాకు దేవుడిచ్చిన దారి కాలువ గట్టే. ధవళేశ్వరం దగ్గర తూర్పు కాలువ, బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువ, విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ కాలువ మొదలై చీలుకుంటూ సముద్రం దాకా పోతాయి. చాలాచోట్ల రెండు గట్ల మీదా రోడ్డుంది. ఎత్తుపల్లాలు లేవు, నీడ ఉంది. ఒక గట్టు మీద 5 కిలోమీటర్లు వెళ్లి, లాకుల (కాలువ నీళ్లను ఆపి వదిలే గేట్లు) వంతెన దాటి, అవతలి గట్టు మీద వెనక్కి వస్తే 10 కిలోమీటర్లు. మధ్యలో 2.5 దగ్గర ఇంకో వంతెన దొరికితే అక్కడ తిరిగితే 5 కిలోమీటర్లు. వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ ఎదురుపడరు, దారి తప్పే మలుపులూ రెండో మూడో ఉంటాయి.

వెళ్లిన దారినే తిరిగి రావడం మాత్రం గట్టు మీద వద్దు. మామూలుగా సింగిల్ రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు. ముందు వరస కుర్రాళ్లు వేగంగా తిరిగొస్తుంటే ఎదురుగా నడక జనం నలుగురేసి వరసలో వస్తారు. ఒకళ్లు పక్కకు తప్పుకుంటే ఆ పక్కన ఉండేది కాలువ.

దారి ఎంచుకునేటప్పుడు ఆదివారం ఉదయం ఆరున్నరకే వెళ్లి చూడండి, మధ్యాహ్నం కారులో కాదు. సైకిలు మీద నెమ్మదిగా పోతూ ఇవి రాసుకోవాలి:

- గట్టు మీదికి ఎక్కే ప్రతి పుంత (పొలాల బాట), ప్రతి సందు. మోటారు సైకిలు ఎక్కగలిగిన ప్రతిచోటా ఒక మనిషి కావాలి.
- వంతెనల వెడల్పు. పాత లాకుల మీద వంతెన ఇరుకు. ఇరుకు వంతెన మొదటి కిలోమీటరులో ఉంటే మూడొందల మందీ అక్కడ ముద్ద కడతారు. బయల్దేరే గీతను వెనక్కో ముందుకో జరపండి.
- పిట్టగోడ లేని తూములు, రేవు మెట్లు, గట్టు కోసుకుపోయిన చోట్లు.
- కుక్కలు ఎక్కడెక్కడ మంద కడతాయి. అవి గుంపు జోలికి రావు, ఒంటరిగా ముందున్నవాడినీ ఒంటరిగా వెనకపడ్డవాడినీ తరుముతాయి. ఆ ఇళ్ల మనిషినే అక్కడ నిలబెట్టండి, పిలిస్తే ఆగుతాయి.
- చేపల, రొయ్యల చెరువులు. పట్టుబడి తెల్లవారుజామునే ఉంటుంది. ఆ వారం ఎవరి చెరువు పడుతుందో ముందే కనుక్కుని, ఆ ఒక్కరోజు లారీ ఆరింటిలోపు దాటేలా మాట తీసుకోవాలి.

దారిలో ఇళ్ల వరస ఉంటే, ధనుర్మాసంలో గుమ్మాల ముందు రోడ్డు సగం దాకా ముగ్గులుంటాయి, వాటిలో గొబ్బెమ్మలు. ముందురోజు సాయంత్రం ఆడవాళ్లే ఇంటింటికీ వెళ్లి, "అమ్మా, పొద్దున్న పిల్లలు పరిగెడతారు, ముగ్గు గుమ్మం వైపు జరిపి పెట్టుకోండి" అని చెప్పి రావాలి. అలా చెప్పిన వీధిలో పొద్దున్నే జనం బయటికొచ్చి చప్పట్లు కొడతారు. చెప్పకుండా తొక్కిన వీధిలో వచ్చే ఏడాది దారి దొరకదు.

కొలత

పది కిలోమీటర్లని చెప్పి 9.7 పరిగెత్తిస్తే ఆ పందెం పేరు పోతుంది. ఫోను జీపీఎస్ కొబ్బరిచెట్ల కింద అటూ ఇటూ గెంతుతుంది, ఒకే దారికి ముగ్గురి ఫోన్లు మూడు అంకెలు చూపిస్తాయి. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లనూ నమ్ముకోవద్దు. ప్రపంచమంతా రోడ్డు పందేలను కొలిచేది సైకిలుతోనే. చక్రానికి జోన్స్ కౌంటర్ అనే, చుట్లు లెక్కపెట్టే పరికరం బిగిస్తారు. అది దొరక్కపోతే మాగ్నెట్‌తో పనిచేసే మామూలు సైకిల్ మీటరు చాలు, కాకపోతే దానికి మన చక్రం చుట్టుకొలత సరిగ్గా నేర్పాలి.

పద్ధతి ఇది. తిన్నగా ఉన్న రోడ్డు మీద 50 మీటర్ల స్టీలు టేపుతో ఆరుసార్లు వేసి 300 మీటర్లు గుర్తుపెట్టండి. గుడ్డ టేపు సాగుతుంది, వాడొద్దు. రెండు చివరలా రోడ్డు అంచున వాషరు వేసి మేకు కొట్టండి. ముందు చక్రం టైరుకు గట్టిగా గాలి కొట్టి, వాల్వు నేలకు నిట్టనిలువుగా వచ్చేలా మొదటి మేకు మీద నిలబెట్టండి. పందెపు దారిని కొలవబోయే మనిషే ఎక్కి, వంకర పోకుండా రెండో మేకు దాకా తొక్కాలి. పక్కన నడిచే మనిషి వాల్వు కిందికి వచ్చిన ప్రతిసారీ లెక్కపెడతాడు. చివరి చుట్టు సగంలో ఆగితే ఊచలు లెక్కపెట్టి సగమా, పావా తేల్చండి. ఇలా నాలుగుసార్లు. సగటున 139.5 చుట్లు వచ్చాయనుకుందాం. 300ని 139.5తో భాగిస్తే 2.151 మీటర్లు. మీటరులో 2151 మిల్లీమీటర్లు అని పెట్టండి. అట్ట మీద రాసిన టైరు సైజు చూసి పెట్టే అంకెకూ దీనికీ తేడా ఉంటుంది, ఎందుకంటే మనిషి బరువుకి టైరు నొక్కుకుంటుంది. అందుకే వేరే మనిషి ఎక్కితే ఈ అంకె చెల్లదు.

ఇప్పుడు దారి కొలవండి. మలుపుల దగ్గర రోడ్డు మధ్యలో పోకుండా, పరిగెత్తేవాడు కోసుకుని పోగలిగిన అతి దగ్గర దారిలో, అంచుకు ఓ 30 సెంటీమీటర్ల ఎడంలో తొక్కాలి. రెండుసార్లు కొలిస్తే తేడా 10 మీటర్లు దాటకూడదు. వచ్చిన దానికి వెయ్యికి ఒకటి చొప్పున కలపాలి, అంటే 10 కిలోమీటర్లకు 10 మీటర్లు, 5 కిలోమీటర్లకు 5 మీటర్లు. దారి పొరపాటున కూడా తక్కువ కాకూడదని పెట్టిన నియమం ఇది. పని అయ్యాక మళ్లీ 300 మీటర్ల మీదికి వచ్చి సరిచూసుకోండి. ఎండెక్కి టైరు ఉబ్బితే దారి కాస్త పొడుగు వస్తుంది, ఫరవాలేదు. గాలి దిగితే దారి తక్కువవుతుంది, అప్పుడు పంక్చరు చూసుకుని మొత్తం మళ్లీ కొలవాల్సిందే.

ప్రతి కిలోమీటరు గుర్తునూ కరెంటు స్తంభం నంబరుతో రాసుకోండి: "ఫలానా స్తంభానికి ముందు 7 మీటర్లు." సుద్దగీత మంచుకే పోతుంది. బాణం గుర్తులు కూడా సున్నంలో బంక కలిపి ముందురోజు ఎండలోనే వేయాలి.

అనుమతులు

రోడ్డు ఎవరిదో ముందు తేల్చుకోండి. ఆర్ అండ్ బీదా, పంచాయతీరాజ్‌దా, జలవనరుల శాఖదా. గట్టు రోడ్డులో సగం ఒకరిది, సగం ఇంకొకరిది అయి ఉండొచ్చు. ఆ శాఖకు, పోలీసులకు, దారిలో పడే ప్రతి పంచాయతీకీ, బడి వాడుకుంటే హెడ్మాస్టరుకూ మూడు నెలల ముందే అర్జీ పెట్టి, అందినట్టు సంతకం తీసుకోండి.

అర్జీలో "ఉదయం 6 నుంచి 9 వరకు రోడ్డు మూసేయాలి" అని రాస్తే ఎస్సై గారు ఒప్పుకోరు, ఒప్పుకోవడం న్యాయమూ కాదు. ఏ చోటు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా కావాలో లెక్కకట్టి ఇవ్వండి. అందరికంటే ముందున్నవాడు కిలోమీటరుకు మూడున్నర నిమిషాలు, వెనకున్నవాడు పదిన్నర నిమిషాలు అనుకోండి. 6.30కి వదిలితే 4వ కిలోమీటరు దగ్గర 6.44 నుంచి 7.12 వరకు, 8వ కిలోమీటరు దగ్గర 6.58 నుంచి 7.54 వరకు, ముగింపు దగ్గర 7.05 నుంచి 8.15 వరకు. దీనికి 5 కిలోమీటర్ల వాళ్ల టైములు కూడా కలిపి ఒక పట్టిక చేయండి. నాలుగో కిలోమీటరు పుంత ఆపాల్సింది అరగంటే అని కాగితం మీద కనబడితే ఊరివాళ్లూ సర్దుకుంటారు. ఇదే పట్టిక పాలకేంద్రానికి, ఆటోస్టాండుకు, చర్చి పాస్టరు గారికి, చెరువుల వాళ్లకు ఇవ్వండి. 10 కిలోమీటర్లకు గంటా ముప్పావు గడువు అని ఎంట్రీ ఫారంలోనే రాయండి, లేకపోతే ఈ లెక్క నిలబడదు.

బీమా మరవకండి. పాల్గొనేవాళ్లకు ఒక్కరోజు గ్రూపు ప్రమాద బీమా, దారిన పోయేవాళ్లకు ఏదైనా అయితే కట్టే పబ్లిక్ లయబిలిటీ బీమా, రెండూ కావాలి.

నంబర్లు, డబ్బులు

ఎంట్రీలు పది రోజుల ముందే ఆపేయండి. "అన్నా, మా బావమరిది కూడా పరిగెడతాడంట" అని ఆఖరి రాత్రి వచ్చే ఫోన్లకు లొంగితే నంబర్ల జాబితా చెడుతుంది, జాబితా చెడితే ఫలితాలు చెడతాయి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల సంతకం ఉండాలి. చిన్నపిల్లల పరుగు బడి గ్రౌండులోనే పెట్టండి, గట్టు మీద వద్దు.

నంబరు కాగితం నీళ్లకు చిరగనిది కావాలి. 10కి ఒక రంగు, 5కి ఒక రంగు. కింద చింపడానికి వీలుగా అదే నంబరుతో ఒక తోక ఉండాలి. వెనకవైపు పేరు, ఇంటి ఫోను, రక్తం గ్రూపు, గుండె జబ్బు, షుగరు, ఫిట్స్ లాంటివి రాయించండి. మనిషికి నాలుగు పిన్నీసుల లెక్కన 1200, 1500 కొనండి.

మొదటి ఏడాది టీషర్టు ఇవ్వకపోతేనే మంచిది. ఖర్చులో పెద్ద భాగం దానికే పోతుంది, సైజులు ఎప్పుడూ తేడా వస్తాయి. ఆ డబ్బు రెండో అంబులెన్సుకు పెట్టండి. గెలిచినవాళ్లకు ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఇస్తే కప్పు కంటే సంతోషిస్తారు.

మనుషులు

దారిలో మలుపులకు, పుంతలకు 18 మంది, రెండు వంతెనలకు 8, నీళ్ల దగ్గర 14, ముగింపు దగ్గర 10, నంబర్ల బల్ల దగ్గర 6, పార్కింగుకు 4, ముందు బండి, వెనక బండి మీద 4. మొత్తం 64. ఆదివారం ఉదయం ఆరుగురు ఫోనెత్తరు, కాబట్టి 70 మందికి చెప్పండి.

దారి కాసేవాళ్ల దగ్గర జరిగే పొరపాటు ప్రతిచోటా ఒకటే. ముందు గుంపు వెళ్లగానే పని అయిపోయిందనుకుని టీకి పోతారు. దారి తప్పేది వెనకవాళ్లే, వాళ్ల ముందు ఎవరూ కనబడరు కాబట్టి. "వెనక బండి నీ దగ్గరికి వచ్చి నీ విజిల్ తీసుకునే దాకా కదలొద్దు" అని చెప్పి, విజిల్‌తో పాటు చోటు నంబరు, ఫోన్లు రాసిన కార్డు ఇవ్వండి. టీ, ఇడ్లీ వాళ్లున్న చోటికే మోటారు సైకిలు మీద పంపండి.

ముందు బండి తొక్కేవాడు ఆ దారిని కనీసం మూడుసార్లు తొక్కి ఉండాలి. అతను తప్పుగా తిరిగితే వెనక అందరూ తిరుగుతారు. సైలెన్సరు పొగ మీద పడకుండా సైకిలో, ఎలక్ట్రిక్ స్కూటరో అయితే మేలు.

గట్టుకు పిట్టగోడ లేనిచోట 100 మీటర్లకొకరు, వాళ్లలో ఈత వచ్చినవాళ్లు. ప్రతి రెండోవాడి దగ్గర 20 మీటర్ల తాడు, గాలి నింపిన లారీ ట్యూబు. ఈ మనుషులు 64కు అదనం. గట్టున ఉండే ఊళ్ల కుర్రాళ్లనే అడగండి, ఆ కాలువలో పుట్టి పెరిగినవాళ్లు. జనవరి పొద్దుల్లో మంచు దట్టంగా దిగుతుంది. 100 మీటర్ల అవతలి మనిషి కనబడకపోతే అరగంట ఆపండి. అప్పటికీ విడవకపోతే 10 రద్దుచేసి అందర్నీ గ్రౌండు చుట్టూ 3 కిలోమీటర్లు పరిగెత్తించి పంపండి. ఆ మాట ముందే రాసి ఉంచుకోండి, అప్పటికప్పుడు వాదన పెట్టుకోవద్దు.

నీళ్లు

2.5 వంతెన దగ్గర ఒకటి, లాకుల దగ్గర ఒకటి, ముగింపు దగ్గర ఒకటి. వంతెన దగ్గరికి 10 వాళ్లు పోతూ వస్తూ రెండుసార్లు, 5 వాళ్లు ఒకసారి, మొత్తం 420 మనుషుల రాకపోకలు. మనిషికి ఒకటిన్నర గ్లాసు, గ్లాసుకు 150 మిల్లీలీటర్లు. అంటే దాదాపు 95 లీటర్లు, 20 లీటర్ల టిన్నులు ఐదు. ఏడు పెట్టండి. లాకుల దగ్గర 27 లీటర్లు, మూడు టిన్నులు. ముగింపు దగ్గర మనిషికి అర లీటరు, పది టిన్నులు. మొత్తం ఇరవై. గ్లాసులు 1400 పైచిలుకు అవుతాయి, రెండు వేలు తీసుకోండి. కాగితపు గ్లాసులే తీసుకోవాలి. ప్లాస్టిక్ గ్లాసుల మీద 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది.

బల్లలు కాలువ వైపు కాకుండా పొలం వైపు వేయండి. తాగి విసిరిన గ్లాసు కాలువలో పడితే అది దిగువ ఊరి మంచినీళ్ల చెరువుకే పోతుంది. బల్ల దాటాక 30 మీటర్లకు ఒక డ్రమ్ము, 100 మీటర్లకు ఇంకోటి పెట్టండి, జనం పారేసేది తాగిన చోట కాదు, నాలుగడుగులు వేశాక. గ్లాసు సగమే నింపాలి, పరిగెత్తేవాడి చేతిలో నిండు గ్లాసు ఒలికిపోతుంది.

కొబ్బరిబొండాలు తప్పకుండా పెట్టండి, కానీ ముగింపు తర్వాతే. కొట్టడానికి టైము పడుతుంది; 300కు ముగ్గురు చేయి తిరిగినవాళ్లు కావాలి, బొండాలు తీసుకుపోవడానికి ట్రాక్టరు ట్రక్కు కావాలి. బొండంలో పొటాషియం బాగా ఉంటుంది, చెమటతో పోయే ఉప్పు మాత్రం తక్కువ. అందుకని ఉప్పు వేసిన మజ్జిగ కూడా ఉండాలి. పక్కన చక్కెరకేళి గెలలు. నీళ్లు బలవంతంగా తాగించొద్దు, దాహం వేసినంతే. మరీ ఎక్కువ తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి మనిషి పడిపోతాడు, అది వడదెబ్బలాగే కనబడుతుంది.

వైద్యం

పడిపోయేవాళ్లలో ఎక్కువమంది ఆఖరి కిలోమీటరులో, గీత దాటిన వెంటనే పడతారు. ఒక అంబులెన్సు, డాక్టరు గారు ముగింపు దగ్గర. రెండోది లాకుల దగ్గర, అవతలి గట్టు మీద. గట్టు రోడ్డు మీద జనం ఉండగా అంబులెన్సు ఎదురు రాలేదు, అందుకే గట్టుకొకటి. 108కి ముందే కబురు పెట్టినా, వాళ్లకు వేరే పిలుపు వస్తే వెళ్లిపోతారు కాబట్టి మీ రెండూ ఏదైనా ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నవై ఉండాలి.

గుండె ఆగి పడిపోతే అంబులెన్సు వచ్చేదాకా ఆగడానికి లేదు. రెండు వారాల ముందు కనీసం 20 మందికి డాక్టరు గారితో సీపీఆర్ నేర్పించండి. ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఆగిన గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం ఏదైనా ఆసుపత్రి ఇస్తే మోటారు సైకిలు మీద పెట్టుకుని ఒకడు సిద్ధంగా ఉండాలి.

వడదెబ్బ చలికాలంలోనూ తగులుతుంది, గట్టిగా పరిగెత్తేవాడికి లోపలి వేడి 40 డిగ్రీలు దాటొచ్చు. తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే ఆలస్యం చేయొద్దు. ముందు చల్లబరచడం, తర్వాతే ఆసుపత్రి. మన దగ్గర దీనికి కావాల్సినవి ఊరూరా ఉన్నాయి: మనిషి పట్టే చేపల టబ్బు ఒకటి, ఐసు ఫ్యాక్టరీ నుంచి రెండు దిమ్మలు. దిమ్మలు కొట్టి గోనెలో కప్పి ఉంచండి. అవసరమైతే టబ్బులో నీళ్లు, ఐసు పోసి, తల పైకి పట్టుకుని, మెడ దాకా ముంచాలి. చంకల కింద తాడుగానీ దుప్పటిగానీ వేసి ఒకరు పట్టుకునే ఉండాలి.

గీత దగ్గర

చిప్ టైమింగ్ (నంబరుకు అంటించిన చిప్‌తో యంత్రమే టైము పట్టడం) లేకుండా 300 మందికి సరైన ఫలితాలు ఇవ్వొచ్చు. గీత దాటగానే తాళ్లతో ఒక సందు కట్టండి: వెడల్పు ఒక మనిషి పట్టేంత, పొడవు 25 మీటర్లు. అందులో నలభై మంది వరసగా పడతారు. గీత దగ్గర ఇద్దరు, ఒకళ్లతో ఒకళ్లకు సంబంధం లేకుండా, ఫోను స్టాప్‌వాచ్‌లో మనిషి దాటిన ప్రతిసారీ ల్యాప్ నొక్కుతారు. వాళ్లు నంబర్లు చూడరు. సందు చివర ఇంకో ఇద్దరు వచ్చిన వరసలోనే నంబరు తోక చింపి, ఇనుప తీగకు గుచ్చుతారు. వాళ్లు టైము చూడరు. తీగ మీద 57వ తోక, ల్యాపుల్లో 57వ టైము ఒకే మనిషివి.

ఇది చెడిపోయేది మూడు రకాలుగా. కొడుకుతో పాటు తండ్రి కూడా సంతోషంతో గీత దాటుతాడు, ఒక ల్యాపు ఎక్కువవుతుంది. సందులో ఒకడు ముందున్నవాడిని దాటేస్తాడు. ఇంకొకడు వాంతి వచ్చి తాడు కింద నుంచి బయటికి పోతాడు, తోక రాదు. మొదటిదానికి గీత ముందే ఒకరు నిలబడి నంబరు లేనివాళ్లను పక్కకు పంపాలి. మిగతా రెండింటికీ మూడో మనిషి కావాలి. అతను ప్రతి పదో మనిషి నంబరూ టైమూ రెండూ కలిపి విడిగా రాస్తాడు. తర్వాత జాబితా తేడా వస్తే ఏ పది మధ్యలో పోయిందో దొరుకుతుంది. 10, 5 వాళ్లకు నంబరు రంగును బట్టి రెండు సందులు, రెండు జట్లు పెడితే ఇంకా నయం.

అయ్యాక

వెనక బండి వచ్చాక, తీగ మీది తోకలూ మధ్యలో ఆగినవాళ్లూ కలిపి బయల్దేరిన లెక్కతో సరిపోవాలి. ఒక్క నంబరు తగ్గినా, ఆ మనిషి ఇంటికి ఫోను చేసి కనుక్కునే దాకా గట్టు మీది కుర్రాళ్లను లేవనివ్వొద్దు. సాధారణంగా ఇంటికి పోయి స్నానం చేస్తూ ఉంటాడు, అయినా కాలువ పక్కన పెట్టిన పందెంలో ఊహించుకుని వదిలేయకూడదు.

బహుమతులు 8.30కి మొదలై 9కి అయిపోవాలి. ఈలోగా వెనక బండి వెనకాలే ఒక ట్రక్కు వచ్చి గ్లాసులు, బోర్డులు, తాళ్లు ఎత్తుకుని పోతుంది. ఫలితాలు ఆ సాయంత్రమే పెట్టండి, అభ్యంతరాలకు రెండు రోజులు గడువు ఇవ్వండి.

ఆఖరి పని బడి గ్రౌండుది. పన్నెండొందల పిన్నీసుల్లో కొన్ని ఇసుకలో రాలిపోయి ఉంటాయి. పాత స్పీకరు మాగ్నెట్ ఒకటి తాడుకు కట్టి, నంబర్లు కట్టుకున్న చోటా విప్పిన చోటా నేల మీద ఈడ్చండి. సోమవారం ఆ పిల్లలు అక్కడ ఉత్తికాళ్లతో కబడ్డీ ఆడతారు.